ఆ బంతి ఎవరికోసం లేచింది

నా చిన్నప్పుడు మా సంఘంలో ఒక మర్యాద ఉండేది. ఎవరైనా ప్రార్థన చేస్తున్నప్పుడు ఎదురు చెప్పకూడదు. మామూలు మాటకు మాట చెప్పవచ్చు. ప్రసంగం నచ్చకపోతే ఇంటికి పోయి గొణుక్కోవచ్చు. ప్రార్థన అలా కాదు. అది దేవుడితో ఆడుతున్న మాట, మధ్యలో మనం దూరకూడదు. నచ్చినా నచ్చకపోయినా చివర్లో ఆమెన్ అనాలి. అంత మంచి మర్యాదలో కూడా ఒక సందు ఉందని మా వాళ్ళు ఒక వేసవిలో కనిపెట్టారు. అదంతా ఒక బంతి పుణ్యమే.

మాది పలమనేరు పక్క పల్లె. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే చోటు. మా ప్రార్థన మందిరం చిన్నది. సున్నపు గోడలు, పెంకుల కప్పు. ఆ పెంకుల మధ్య ఒకే ఒక గాజు పెంకు ఉండేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరమూ కళ్ళు మూసుకుని కూర్చుంటే, పొద్దెక్కే కొద్దీ ఆ గాజు పెంకులోంచి దిగిన వెలుగు ఒకరి మొహం మీదినుంచి ఇంకొకరి మొహం మీదికి మెల్లగా నడిచేది. నా మీదికి వచ్చినప్పుడు నా రెప్పల వెనక అంతా ఎర్రగా, వెచ్చగా మారిపోయేది. కడుపులో ఆకలి, చెవుల్లో ఎవరిదో సన్నని ప్రార్థన, కళ్ళలో ఆ ఎరుపు. పరలోకం బహుశా ఇట్లాగే ఉంటుందని అనుకునేదాన్ని. పొద్దున్నే పాలు తాగి వచ్చిన దొంగ ఉపవాసమే నాది. అయినా మా అవ్వ పక్కన ముసుగు వేసుకుని పెద్దవాళ్ళతో సమానంగా కూర్చునేదాన్ని.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పట్టుపురుగుల షెడ్డులో పనిచేసేవాడు. మల్బరీ ఆకు కోసుకొచ్చి తట్టల్లో పరచడం, పురుగులకు దెబ్బ తగలకుండా ఒక తట్టలోంచి ఇంకో తట్టలోకి మార్చడం ఆయన పని. నేను అప్పుడప్పుడు ఆయన వెంట పోయేదాన్ని. ఆ చీకటి షెడ్డులో వేల పురుగులు ఒకేసారి ఆకు తింటుంటే సన్నటి వాన కురుస్తున్నట్టు వినిపించేది. బయట చూస్తే వాన ఉండదు. ఆ వాన చప్పుడులో ఆయన చేతులు ఎంత మెత్తగా కదిలేవో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అవే చేతులతో సాయంత్రం ఆయన వాలీబాల్ ఆడేవాడు.

మా సంఘం యువకుల జట్టులో ఆయనది బంతి లేపే పని. వల దగ్గర నిలబడి, వెనకనుంచి తనవాళ్ళు అందించిన బంతిని వేళ్ళ కొనలతో పైకి లేపి, ఎగిరి కొట్టేవాడికి అందేటట్టు ఇవ్వాలి. ఎడమవైపు వాడికా, కుడివైపు వాడికా అని రెప్పపాటులో తేల్చుకోవాలి. గెలిస్తే కొట్టినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. ఓడితే లేపినవాడు ఎవడని అడుగుతారు. ఇది లోకరీతి.

ఆయన ఆడలేని రోజు వస్తే ఆ చోటుకు ఇంకొకణ్ణి కూడా జట్టులో పెట్టుకున్నారు. లారీ డ్రైవరు గారి కొడుకు. కొబ్బరి చెట్టంత పొడుగు కాబట్టి పిల్లలందరికీ ఆయన పొడుగన్న. అయితే చిన్నాయన ఆడలేని రోజు రానే రాలేదు. పొడుగన్న ప్రతి ఆటలోనూ గీత బయట, నీళ్ళ బిందె పక్కన కూర్చుని చూసేవాడు.

ఆ ఏడు వేసవిలో చుట్టుపక్కల సంఘాల మధ్య పోటీ చిత్తూరులో జరిగింది. మా వాళ్ళు సెమీఫైనల్ దాకా వచ్చారు. ఇంకొక్క ఆట గెలిస్తే ఫైనల్, అది కూడా గెలిస్తే కప్పు మా మందిరానికి వస్తుంది. డ్రైవరు గారి లారీలో ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, అందరమూ ఎక్కి పోయాము.

ఆట చివరిదాకా సమానంగా నడిచింది. ఆ చివరి బంతి ఈరోజుకీ నా కలల్లోకి వస్తుంది. అప్పటికి వాళ్ళు ఒక పాయింటు ముందున్నారు. ఆ ఒక్క బంతి మాకు తప్పిపోతే ఆట ముగిసినట్టే. వెనకనుంచి మా వాళ్ళు బంతిని అందించారు. అది ఎత్తుగా, తీరిగ్గా, ఎవరో దారంతో దించుతున్నట్టు చిన్నాయన మీదికి దిగి వచ్చింది. మైదానం ఇవతలి గట్టు మీదినుంచి మేస్త్రీ మామ ఒళ్ళంతా గొంతు చేసుకుని అరుస్తున్నాడు. ఇళ్ళు కట్టే మేస్త్రీ ఆయన. పైనున్న కూలీలను కిందినుంచి పిలిచి పిలిచి ఆ గొంతు అట్లా తయారైంది.

"ఎడమకియ్యప్పా! ఎడమకియ్యి!"

బంతి చిన్నాయన వేళ్ళను తాకి మళ్ళీ లేచింది. ఎడమకు పోలేదు. కుడికీ పోలేదు. నిలువుగా, ఎవరిదీ కానట్టు లేచి, కాసేపు ఆకాశంలో ఆగి, కిందికి దిగింది. ఎడమవైపు వాడు కుడివైపు వాణ్ణి చూశాడు, కుడివైపు వాడు ఎడమవైపు వాణ్ణి చూశాడు. ఇద్దరి మధ్యా మన్ను మీద పడి దుమ్ము లేపింది. ఈల మోగింది.

తిరిగి వచ్చేటప్పుడు లారీలో ఎవరూ మాట్లాడలేదు. మొగిలి ఘాటు దగ్గర లారీ మూలుగుతూ ఎక్కడం మొదలుపెట్టిన తరువాతే నోళ్ళు తెరుచుకున్నాయి. మొదట బంతిలో గాలి తక్కువన్నారు. తరువాత ఈల ఊదినవాడు అవతలివాళ్ళ చుట్టమన్నారు. తరువాత ఎండ మన కళ్ళలో కొట్టిందన్నారు. ఘాటు పైకి ఎక్కేసరికి, నీళ్ళు పల్లానికి చేరినట్టు, మాటలన్నీ చిన్నాయన దగ్గరికి చేరాయి. ఆయన లారీ తలుపు మీద గడ్డం ఆనించి వెనక్కి పోతున్న చెట్లను చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని ఉన్నాను. ఆ చొక్కాకు ఇంకా మల్బరీ ఆకు వాసన.

ఆ తరువాత మా పల్లెలో వేరే మాట లేదు. టీ అంగడి దగ్గర, పాలు పోసే చోట, బావి దగ్గర, అంతటా ఒకటే ప్రశ్న: ఆ బంతి ఎవరికోసం లేచింది? ఎడమవాడికే ఇవ్వబోయాడు, చేయి జారిందని కొందరు. కాదు, కుడివాడికే, వాడే అందుకోలేదని కొందరు. బైబిలు వాక్యంలో కష్టమైన చోటును పట్టుకుని పెద్దలు వాదించుకున్నట్టే, వేలు ఏ పక్క వంగింది, మోకాలు ఏ పక్క తిరిగింది అని వాదించుకున్నారు. పాల దగ్గర మేస్త్రీ మామకూ టైలరు తాతకూ రోజూ పొద్దున్నే జరిగేది.

"ఎడమకు ఇచ్చుంటే, వాడు కొట్టుంటే, మనం గెలిచుంటే, ఈపాటికి కప్పు మన గుళ్ళో ఉండును," అనేవాడు మామ.

"మా అత్తకు మీసాలుంటే ఆమెను కూడా మామా అని పిలిచుందును," అనేవాడు తాత, పాల చెంబు చంకన పెట్టుకుని. "నువ్వు ఊరికే ఉండప్పా. గట్టు మీద కూసోనుండేవాడికి అన్నీ ఈజీగానే ఉంటాయి."

"గట్టు మీదనుంచే బాగా కనపడేది! అసలు ఆ పొడుగోణ్ణి ఆటలోకి దింపుండాల. వాని చేతులు సూడు, వల మీద పెట్టి నిద్ర పోవచ్చు."

పొడుగన్న గొప్పతనం అట్లా రోజురోజుకూ పెరిగిపోయింది. వారం తిరిగేసరికి ఆయన ఎడమచేత్తో కూడా లేపగలడన్నారు. బంతి మీద చూపు పెట్టకుండానే లేపగలడన్నారు. బెంగుళూరునుంచి ఎవరో వచ్చి చూసి మెచ్చుకున్నారని కూడా అన్నారు. ఆయన ఆడగా చూసినవాళ్ళు లేరు కాబట్టి, ఆయన తప్పు చేయగా చూసినవాళ్ళూ లేరు. ఆడనివాడికి ఓటమి ఎక్కడిది? ఆయన మాత్రం ఆ పొగడ్తలు వినబడితే తల దించుకుని వేరే సందులోంచి పోయేవాడు. అణకువ అనుకున్నారు అందరూ.

చిన్నాయనను నేరుగానే అడిగారు. "ఎవరికిస్తివప్పా ఆ బంతి? చెప్పేస్తే పోలా?" ఆయన జవాబు చెప్పలేదు. చెప్పకపోవడాన్ని పొగరనుకున్నారు. సాయంత్రాలు ఆయన మైదానానికి పోవడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీసేవాడు. ఒక రోజు అవ్వ కంచం పెడుతుంటే తల ఎత్తకుండానే చెప్పాడు.

"కోలారులో ఉండే మామ బేకరీలో పనికి ఆళ్ళు కావాలంట మా. నేను పోతా."

"పోయి ఎప్పుడొస్తావు నాయనా?"

"వచ్చేదానికి ఏముండాది ఈడ."

అవ్వ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. కోలారు ఎంత దూరమో నాకు తెలియదు. కానీ ఆ గరిటె ఆగిన తీరు చూసి, అది చాలా దూరమని నాకు అర్థమైంది.

ఆ వారం శుక్రవారం ప్రార్థనకు చిన్నాయన వచ్చాడు. అవ్వ బతిమాలితే వచ్చి, మగవాళ్ళ వైపు చివర, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాట అయిపోయింది. అందరమూ కళ్ళు మూసుకున్నాము. వెలుగు గాజు పెంకులోంచి దిగి నడక మొదలుపెట్టింది. ఎవరో జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థన చేశారు, ఎవరో వానల కోసం చేశారు. అప్పుడు మేస్త్రీ మామ మోకాళ్ళ మీదికి లేచిన చప్పుడు వినిపించింది.

"కృపగల దేవా! మేము ఓడిపోయినాము తండ్రీ. యాల ఓడిపోయినామో నీకు తెలుసు, మాకూ తెలుసు ప్రభువా. బంతి లేపేవాని కండ్లు తెరువు దేవా! ఎడమ పక్క ఒక మనిషి నిలబడి ఉండాడని వానికి చూపించు స్వామీ!"

అందరూ ఆమెన్ అన్నారు. మర్యాద కదా. కానీ ఆ ఆమెన్ సగం గొంతుల్లోంచే వచ్చింది. వెంటనే టైలరు తాత మొదలుపెట్టాడు.

"దయగల తండ్రీ, నోరుండేవాండ్లకు నువ్వు చేతులు కూడా ఇయ్యి ప్రభువా. గట్టు మీద కూసోని ఊరంతా వినపడేట్టు అరిచే నీ బిడ్డల మీద జాలి సూపు."

ఆమెన్. ఇంకొకరు లేచారు. "దేవా, నువ్వు దాచిపెట్టిన పాత్ర ఒకటి నీళ్ళ బిందె పక్కన కూర్చోనుండాది. వాణ్ణి నువ్వు హెచ్చించు." ఆమెన్. ఇంకొకరు. "తగ్గించుకోలేని మనసును నువ్వే తగ్గించు తండ్రీ. అడిగితే జవాబు చెప్పని నోటిని నువ్వే తెరువు." ఆమెన్.

పాల దగ్గర జరిగిన తగువంతా అట్లా దేవుడి పేరు మీద మళ్ళీ జరిగింది. ఇక్కడ ఎవరూ ఎవరికీ అడ్డం తగలడానికి లేదు. ప్రార్థనకు జవాబు చెప్పాలంటే ఇంకో ప్రార్థనే చేయాలి. నా పక్కన అవ్వ నా చేతిని గట్టిగా పట్టుకుంది. తన కొడుకును తన చెవుల ముందే కొడుతుంటే, ప్రతి దెబ్బకూ ఆమె ఆమెన్ అనవలసి వచ్చింది. తలుపు దగ్గర చెప్పుల చప్పుడయింది. అందరూ కళ్ళు తెరిచేసరికి చిన్నాయన కూర్చున్న చోట ఖాళీ చాప మీద వెలుగు పడి ఉంది.

ఇదంతా మా సంఘానికి పాస్టరైన అయ్యగారి భార్య వింది. మేము ఆమెను అమ్మగారు అని పిలిచేవాళ్ళం. సత్యవేడు వైపు మనిషి. చిన్న ఆకారం, మెల్లని గొంతు. మాటల్లో అరవ యాస. కాళ్ళ నొప్పుల వల్ల ఆమె చిత్తూరుకు రాలేదు, ఆట చూడలేదు. ఆ శుక్రవారం ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. శనివారం సాయంత్రం మాత్రం మా ఇంటికి వచ్చింది. చిన్నాయన పెరట్లో రాతి మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గుడ్డ సంచిలో ఆయన బట్టలు సర్ది ఉన్నాయి. సోమవారం బస్సుకు పోవాలని అప్పటికే తేల్చుకున్నాడు.

"రేపు వచ్చి కూర్చో తంబీ," అందామె.

"వద్దమ్మా. మళ్ళీ నన్ను గురించే మాట్లాడతారు."

"మాట్లాడరు. రేపు నీ గురించి ఒక్కరు కూడా మాట్లాడరు. నాది పూచీ. మాట్లాడితే నువ్వు లేచి పో, నీ వెనకే నేను కూడా లేచి వస్తా."

అంత మందిని ఆమె ఎట్లా ఆపుతుందో నాకు తెలియలేదు. మేస్త్రీ మామ గొంతును ఆపడం అయ్యగారి వల్లే కాలేదు. చిన్నాయన కూడా నమ్మినట్టు లేదు. అయినా అమ్మగారి మాట కొట్టేయలేక తల ఊపాడు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల ఉండే ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం తెల్లగుడ్డ కింద సిద్ధంగా ఉన్నాయి. మనసులో ఒకరి మీద కోపం పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి పోకూడదనేది మా కట్టుబాటు. దానికి ముందు సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉండేది. దాన్ని నడిపేది అమ్మగారే. సన్నని జల్లు పడుతోంది. పెంకుల మీద ఆ చప్పుడు పట్టుపురుగుల షెడ్డులో చప్పుడులాగే ఉంది. అమ్మగారు లేచి నిలబడింది.

"శుక్రవారం మీరంతా ఆట గురించి ప్రార్థన చేసినారు. మంచిదే. ప్రార్థన ఎవరి కోసమైనా చేయవచ్చు. ఈరోజు ఆ ఆట గురించే సాక్ష్యం చెప్పండి. నేను చూడలేదు, నాకు వినాలని ఉండాది. కానీ సాక్ష్యానికి ఒక కట్టుబాటు ఉండాదని మీకు నేను చెప్పక్కర్లేదు. నాకేం జరిగింది, నేనేం చేసినాను, అంతే చెప్పాల. పక్కవాడు చేసింది చెప్తే అది సాక్ష్యం కాదు, ఫిర్యాదు. ఆ చివరి బంతి పైనుండేటప్పుడు నువ్వు యాడ ఉండావు, నీ చేతులు ఏం చేస్తా ఉండాయి, నీ మనసు ఏం చేస్తా ఉండాది. అది చెప్పండి చాలు."

చెప్పి ఆమె కూర్చుంది.

అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. రోజంతా మాట్లాడినా తరగని మాటలు పల్లెనిండా ఉండేవి కదా, అవన్నీ ఏమయ్యాయో! జల్లు చప్పుడు తప్ప ఏమీ లేదు. మేస్త్రీ మామ గొంతు సవరించుకుని, లేవబోయి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. మొదలుపెట్టిన ప్రతి వాక్యమూ "వాడు" అనే మొదలవుతోందని, దాన్ని మింగి మళ్ళీ వెతుక్కుంటున్నాడని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. చాలాసేపటికి లేచాడు.

"నేను... గట్టు మీద ఉన్నింటిని. ఎడమకియ్యి ఎడమకియ్యి అని అరిచినా." ఆగాడు. తల గోక్కున్నాడు. ఏదో అప్పుడే కనబడినట్టు ఆయన మొహం మారింది. "నేను అరిచినాక... వల దగ్గరుండే అవతలి వాండ్లు ముగ్గురూ ఎడమ పక్కకే వచ్చి నిలబడినారు. నా అరుపు విని వచ్చినారు. అవును. నేనే పిలిచినా వాండ్లని."

ఎవరో కిసుక్కున నవ్వారు. టైలరు తాత నవ్వలేదు. లేచి, తాను ఆ సమయంలో గట్టు వెనక బీడీ కాలుస్తున్నానని, చివరి బంతిని అసలు చూడనే లేదని, ఇన్ని రోజులూ చూసినట్టు వాదించానని చెప్పి, తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు. అప్పుడు నవ్వు ఆగలేదు. అయ్యగారు కూడా నవ్వారు. ఎడమవైపు వాడు లేచి, బంతి కుడికే పోతుందనుకుని తాను కాళ్ళు కదపలేదన్నాడు. కుడివైపు వాడు లేచి, తనదీ అదే మాట అన్నాడు.

అప్పుడు పొడుగన్న లేచాడు. ఆయన లేస్తే తల పైనుంచి వేలాడే దీపం గొలుసుకు తగిలేటట్టుండేది. ఆయన చెప్పడానికి ఏముంటుందని అందరమూ అనుకున్నాము. ఆడలేదు కదా. ఆయన చాలాసేపు తన చేతులను చూసుకున్నాడు.

"బంతి పైకి లేచినప్పుడు అందురూ దేవా అనినారు. నేను కూడా దేవా అని అనినా." చేయెత్తి ఆ గొలుసు పట్టుకున్నాడు. "పడాల అని అనినా. అది పడితే వచ్చే ఏడు నన్ను దింపుతారని. పడింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. మీరందురూ నన్ను పొగడతా ఉంటే నాకు చచ్చిపోవాలని ఉన్నింది."

ఆయన కూర్చోలేదు. తలుపు వైపు నడవబోయాడు. ఆయన్ను చూడడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు.

"ఉండన్నా," అని చివరినుంచి ఒక గొంతు వినిపించింది. చిన్నాయన.

పొడుగన్న వయసులో చిన్నవాడే. చిన్నాయన ఆయన్ను ఎప్పుడూ అన్నా అని పిలవలేదు. అందుకే ఆ మాటకు ఆయన ఆగిపోయాడు. చిన్నాయన గోడ పట్టుకుని లేచాడు.

"నేను చెప్పేది కూడా విని పో. ఆ బంతి ఎవరికి లేపితివని అడుగుతా ఉండారు కదా అందురూ. ఎవరికీ లేపలేదు నేను. బంతి దిగి వస్తా ఉన్నింది. నాకు భయం వేసింది. ప్రార్థన చేసినా. ప్రార్థన అంటే చిన్నప్పటినుంచి అలవాటు కదా..." ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. "కండ్లు మూసుకున్నా."

మేస్త్రీ మామ వెనక్కి తిరిగి ఆయన వైపు చూశాడు.

"కండ్లు తెరిచేతలికి బంతి నా చేతుల్లోనుంచి పొయ్యేసింది. యాడికి పోయిందో నాక్కూడా తెలీదు. దేవుడి మీద భారం వేసి ఆటను పోగొట్టినా అని చెప్పుకునేదానికి సిగ్గేసింది. అట్ల చెప్తే దేవుడి మీద నేరం వేసినట్టు అయితాదేమో అని కూడా అనుకున్నా. అందుకే చెప్పలా."

మేస్త్రీ మామ ఉన్నట్టుండి మోకాలు చరుచుకున్నాడు. "అరె! వాని కండ్లు తెరువు దేవా అని నేను చేసిన ప్రార్థన సరిగ్గానే ఉన్నిందే!"

"ఏమప్పా, సాక్ష్యంలో పక్కవాడి మాట రాకూడదు," అంది అమ్మగారు. అప్పుడు మళ్ళీ అందరూ నవ్వారు. అయితే ఈసారి చాలామంది ముసుగులతో కళ్ళు కూడా తుడుచుకున్నారు. మా అవ్వ అయితే నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

అమ్మగారు చిన్నాయన వైపు తిరిగి మెల్లగా అంది. "కండ్లు మూసుకొమ్మని దేవుడు అడగలేదు తంబీ. మనసు అటూ ఇటూ పోకుండా మనం పెట్టుకున్న అలవాటు అది. బంతి వచ్చేటప్పుడు కండ్లు తెరుచుకుని చేసినా ఆయన వింటాడు."

అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. వరుసలు కదిలాయి. పొడుగన్న తలుపు దగ్గరే నిలబడిపోయాడు. బయటికి పోలేడు, లోపలికి రాలేడు. ఆ బల్ల దగ్గరికి రావడానికి తనకు అర్హత లేదని ఆయన మొహంలోనే తెలుస్తోంది. చిన్నాయన వరుసలో నిలబడలేదు. తలుపు దాకా నడిచి పోయి, పొడుగన్న మోచేయి పట్టుకున్నాడు. పట్టుపురుగును ఒక తట్టలోంచి ఇంకో తట్టలోకి మార్చేటప్పుడు ఎంత మెత్తగా పట్టుకునేవాడో అంత మెత్తగా. ఇద్దరూ చివర్లో వచ్చి మోకరించారు. రొట్టెలో మిగిలింది ఒకటే తునక. అయ్యగారు దాన్ని విరిచి ఇద్దరి చేతుల్లో పెట్టారు.

సోమవారం బస్సు వచ్చి పోయింది. చిన్నాయన సంచి పెరట్లో రాతి మీదే ఉంది. మంగళవారం అవ్వ దాన్ని లోపలికి తెచ్చి బట్టలు మళ్ళీ దండెం మీద వేసింది.

ఇక బంతి ఎవరు లేపాలన్న సంగతి. అది మళ్ళీ ఎవరూ తగువు పెట్టుకోకుండానే తేలిపోయింది. సాయంత్రాలు చిన్నాయన పొడుగన్నకు వేళ్ళు ఎట్లా పెట్టాలో, మోకాళ్ళు ఎట్లా వంచాలో నేర్పాడు. మరుసటి ఏడు పొడుగన్నే లేపాడు, చిన్నాయన వెనక వరుసలో ఆడాడు. ఇక్కడ మేము కప్పు గెలిచామని చెబితే కథ అందంగా ఉండేది. గెలవలేదు. మొదటి ఆటలోనే ఓడిపోయాము. అంత పొగిడిన పొడుగన్న చేతులు వల దగ్గర అందరి చేతుల్లాంటివేనని తేలింది. తిరుగు లారీలో మాత్రం ఘాటు పొడుగునా పాటలు పాడుకుంటూ వచ్చాము.

అప్పటినుంచి ఎన్నో ఓటములు చూశాను. పైరు ఎండిపోయిన ఏళ్ళు, తప్పిపోయిన సంబంధాలు, ఆసుపత్రికి ఆలస్యంగా చేరిన ఒక రాత్రి. ఇంట్లో ఏది చెడినా ముందుగా నోటికి వచ్చేది పక్కవాడి పేరే. నాకూ అంతే. ఆ పేరు నాలుక చివరికి వచ్చిన ప్రతిసారీ, పెంకుల మీద జల్లు పడుతుండగా ఒక పల్లె పల్లెంతా మాట దొరక్క కూర్చున్న ఆ నిశ్శబ్దం నా చుట్టూ కమ్ముకుంటుంది. అందులో కూర్చుని "నేను" అనే మాటతో మొదలుపెట్టడానికి ప్రయత్నిస్తాను. కొన్నిసార్లు గంట పడుతుంది. కొన్నిసార్లు ఏడాది పట్టింది.

ఒకే బంతి ఆకాశంలో ఉండగా ఇద్దరు మనుషులు ఒకే దేవుడికి ఎదురెదురు ప్రార్థనలు చేశారు. ఆయన ఎవరిది విన్నాడని సండే స్కూలు పిల్లలు నన్ను అడుగుతారు. బంతి పడింది కాబట్టి పొడుగన్నదే విన్నాడని వాళ్ళ లెక్క. నేను కాదంటాను. ఆ బంతి సంగతి ఆయన అసలు పట్టించుకోలేదని, ఆ ఇద్దరి సంగతే పట్టించుకున్నాడని, వాళ్ళకు జవాబు రావడానికి ఆ ఆదివారం దాకా పట్టిందని నా నమ్మకం.